తల లేని మర

ఆ యేడు గోదారి రెండుసార్లు పొంగింది, శ్రావణంలో ఓసారి, భాద్రపదంలో ఓసారి. మా రేవులో దాన్ని జంట వరద అంటారు. జంట వరద పోయిన మూడో యేట ఈ సంగతి జరిగింది.

జంట వరదకి ఏరు కడలిలో కలిసే మొగ కోసుకుపోయి సముద్రం లోపలికి వచ్చేసింది. మొగలో నీళ్ళ మధ్య ఉన్న పల్లాలమ్మదిబ్బ మీద బావులన్నీ ఉప్పెక్కాయి. దిబ్బ మీద ఉండేది చేపల వేట మీద బతికేవాళ్ళు. వాళ్ళకి మా రేవు నుంచి డీజిలు పడవలో మంచినీళ్ళ డ్రమ్ములు వెళ్ళేవి. ఆ పడవని నడిపే సరంగుని నేను. అది పొగ వదిలేది, చప్పుడు చేసేది, వెళ్ళేది, వచ్చేది. దాని గురించి ఎవరూ ఏమీ అనేవారు కాదు.

తరవాత పొగ మంచిది కాదని పైన ఎవరికో తెలిసింది. తీర హరిత రవాణా మండలి అని ఒకటి పుట్టింది. ఏటి పాయ మొదట్లో చమురు పడవలు తిరగరాదని బోర్డు పాతారు. డీజిలు పడవని వేలం వేశారు. దాని బదులు తెల్లటి తెరచాప పడవ ఒకటి లారీ మీద వచ్చింది. లారీ వెనక పొగకి నాకు పడవ కాసేపు కనపడలేదు.

పడవ పేరు హరితహంస. మంచి పడవే. తెరచాప కట్టే కొయ్య కర్రది కాదు, తెల్లటి లోహంది. ఆ కొయ్య కొసన విదేశీ సామాను ఒకటి బిగించారు. దానికి మూడు చిన్న గిన్నెలు, ఒక తోక. గాలికి గిన్నెలు తిరుగుతాయి, తోక గాలి వచ్చే దిక్కు చూపిస్తుంది. కింద చుక్కాని దగ్గర అంకెల పెట్టె ఉంటుంది. గిన్నెలు ఎంత జోరుగా తిరిగితే పెట్టెలో అంత పెద్ద అంకె పడుతుంది.

ప్రాజెక్టు అధికారి విస్సాప్రగడ సోమసుందరం గారు నన్ను పిలిచి నిబంధన చెప్పారు.

"చూడు నూకరాజూ, పెట్టెలో అంకె అయిదుకి తక్కువైతే పడవ కదలరాదు. పదిహేనుకి ఎక్కువైతే కదలరాదు. రోజూ పొద్దున్న అంకె ఎంతో నాకు ఫోన్లో నివేదించాలి. నేను అనుమతిస్తాను. అప్పుడు మాత్రమే పవనశక్తిని వినియోగించాలి."

"ఆయ్," అన్నాను.

"ఇంతకుముందు గాలి ఎలా తెలుసుకునేవాడివి?"

"తగిలేదండి."

ఆయన నవ్వి, ఆ పద్ధతికి కాలం చెల్లిందన్నారు.

ప్రారంభోత్సవం నాడు కొబ్బరికాయ కొట్టారు. కొత్త పడవ కదా, దిష్టి తగులుతుందని నిమ్మకాయలు, మిరపకాయలు గుచ్చిన దండ తెప్పించారు. దండ ఎప్పుడూ అన్నిటికంటే పైన కట్టాలి. పడవలో అన్నిటికంటే పైన ఉన్నవి ఆ గిన్నెలే. సోమసుందరం గారు పైకి చూపించారు. నేను కొయ్య ఎక్కి ఒక గిన్నెకి దండ కట్టి దిగాను. అందరూ చప్పట్లు కొట్టారు.

వారం తిరక్కుండా దండ బరువుకి గిన్నెలు ఒక పక్కకి ఒరిగి గడగడ కొట్టుకోవడం మొదలెట్టాయి. ఒకనాడు పొద్దున్న చూద్దును కదా, గాలి బ్రహ్మాండంగా వీస్తోంది, గిన్నెలు కంటికి ఆనకుండా తిరుగుతున్నాయి, పెట్టెలో మాత్రం సున్నా ఉంది.

ఎక్కి చూశాను. గిన్నెల్ని ఇరుసుకి బిగించి పట్టి ఉంచే మరమేకు ఒకటి ఉండాలి, మేం మర అంటాం. వడ్లగింజంత ఉంటుంది. అది ఊడి ఏట్లో పడిపోయింది. గిన్నెలు వాటి మానాన అవి తిరుగుతున్నాయి, ఇరుసు తిరగడం లేదు.

ఫోన్ చేశాను.

"అంకె ఎంత?" అన్నారు సోమసుందరం గారు.

"సున్నా అండి. కానీ గాలుందండి. మర ఊడిందండి."

"ముందు అంకె చెప్పు. వ్యాఖ్యానం తరవాత."

"సున్నా అండి."

"అయితే గాలి లేదు. పడవ కదలరాదు."

ఆ మధ్యాహ్నం ఆయనే జీపు వేసుకుని వచ్చారు. జీపు దిగగానే చేతిలో ఫైలు లేచిపోయింది. బంట్రోతు దాని వెనక పరిగెత్తాడు. సోమసుందరం గారు ఒక చేత్తో చొక్కా పట్టుకుని, ఇంకో చేత్తో జుట్టు పట్టుకుని, పడవెక్కి పెట్టెలోకి చూశారు.

"సున్నాయే," అన్నారు.

"గాలి తగులుతోంది కదండి," అన్నాను.

"తగలడం వేరు, నమోదు కావడం వేరు నూకరాజూ. అనుభూతి స్థాయిలో గాలి ఉండవచ్చు. ప్రమాణ స్థాయిలో లేదు. లేని గాలితో పడవ నడిపితే రేపు ఆడిట్ వాళ్ళు అడుగుతారు, మరి ఏ శక్తితో నడిచింది, చాటుగా డీజిలు వాడారా అని. నేనేం చెప్పాలి?"

బంట్రోతు ఫైలు పట్టుకొచ్చాడు. సగమే దొరికింది.

మర కోసం వేట మొదలైంది. మొదట నేను టౌనుకి వెళ్ళాను. ఫ్యాన్లు బాగుచేసే కొట్లో అడిగితే పెసరగింజంతది ఇచ్చాడు. లావైంది. వాచీల కొట్లో నువ్వుగింజంతది ఇచ్చాడు. సన్నమైంది. వడ్లగింజంతది ఎక్కడా లేదు. చివరికి ఆ సామాను చేసిన విదేశీ కంపెనీకి మండలి వాళ్ళు రాశారు. నెల పట్టింది కానీ వాళ్ళు పంపారు. చిన్న కాగితం పొట్లంలో అచ్చంగా అవే మరలు.

పొట్లం మండలి స్టోరు కీపరు తటవర్తి ఆదిశేషు గారి దగ్గరికి చేరింది. ఆయన అనుమతిస్తే తప్ప మేకైనా గోడలోకి దిగదు. భూతద్దం పెట్టి మరని అటూ ఇటూ తిప్పి చూశారు.

"దీనికి తల ఏదయ్యా?"

"ఉండదండి. ఇది తల లేని మరండి. కన్నంలోకి పూర్తిగా దిగిపోవాలండి. తలుంటే దిగదండి."

"అది నీ బాధ. నా బాధ విను. బిగింపు వస్తువుల నిబంధన ప్రకారం ప్రతి మర తల మీదా నాణ్యతా ముద్ర ఉండాలి. దీనికి ముద్ర ఏదీ?"

"తల లేదు కదండి."

"తల లేదు కాబట్టి ముద్ర లేదు. ముద్ర లేదు కాబట్టి నాణ్యత లేదు. నాణ్యత లేనిది నేను లోపలికి తీసుకోను."

"అయితే కంపెనీకి తిప్పి పంపేస్తారా అండి?"

"ఎలా పంపుతాను? లోపలికి తీసుకోనిదాన్ని బయటికి పంపే నిబంధన లేదు." అని పొట్లాన్ని గుమ్మం మీద పెట్టారు. లోపలా కాదు, బయటా కాదు. ఆ సాయంత్రం ఊడ్చే మనిషి ఊడ్చేసింది.

సోమసుందరం గారు ఊరుకోలేదు. తల ఉన్న మర చేసి పంపమని కంపెనీకి మళ్ళీ రాశారు. అలాంటిది పెడితే గిన్నెలు తిరగవని కంపెనీ జవాబిచ్చింది. గిన్నెలు తిరగడం సరఫరాదారు బాధ్యత కాదని, మర తల మాత్రమే వారి బాధ్యత అని ఈయన తిరిగి రాశారు. ఆ తరవాత కంపెనీ నుంచి ఉత్తరాలు రాలేదు.

ఈలోగా నేను రోజూ పొద్దున్న ఫోన్ చేసి సున్నా అంటున్నాను. ఆయన రాసుకుని పైకి పంపుతున్నారు. పైన వాళ్ళు అవన్నీ కలిపి చూస్తే రేవులో గాలి సున్నా, పొగ సున్నా, ప్రమాదాలు సున్నా అని తేలింది. రాష్ట్రంలో అలాంటి రేవు ఇంకోటి లేదు. మా రేవుకి ప్రశాంత తీర పురస్కారం ప్రకటించారు.

మండలి డైరెక్టరు గారు స్వయంగా వచ్చారు. షామియానా వేశారు. ఆయన మైకు ముందు నిలబడి, "ఈ రేవులో నెలల తరబడి ఒక్క ఆకు కూడా కదలలేదని మన గణాంకాలు సగర్వంగా చెబుతున్నాయి," అంటుండగా షామియానా లేచింది. నాలుగు గుంజలతో సహా లేచి ఏటి మీద కొంతదూరం వెళ్ళి వాలింది. డైరెక్టరు గారి శాలువా దాని వెనకే వెళ్ళింది. అందరూ నావైపు చూశారు.

"నూకరాజూ, అంకె ఎంత?" అన్నారు సోమసుందరం గారు.

పడవలోకి వెళ్ళి చూసొచ్చాను. "సున్నా అండి."

డైరెక్టరు గారు తేరుకున్నారు. షామియానా స్వయంగా స్థానచలనం చెందిందని రాసుకోమన్నారు. ఉపన్యాసం ఎండలో పూర్తిచేశారు.

దిబ్బ మీద మాత్రం నీళ్ళు లేవు. ఉన్నవి చిన్న చిన్న దోనెలు. ఒక్కో దోనెలో రెండు బిందెలు పడతాయి, మొగలో కెరటాలకి ఒకటి ఒలికిపోతుంది. బిందె నీళ్ళ కోసం పూట వేట పోతుంది. చాలామంది ఉప్పుబావి నీళ్ళే కాచి తాగుతున్నారు. మల్లాడి ఎరకమ్మ ఇంట్లో బాలింత ఉంది, ఆమె కోడలు. ఆ ఉప్పునీళ్ళకి పిల్లకి పాలు చాలడం లేదు. పిల్ల రోజురోజుకీ తీసిపోతోంది.

ఒకనాడు ఎరకమ్మ దోనె తోసుకుంటూ మా రేవుకి వచ్చింది. ఆవిడది నా కంటే రెండేళ్ళు చిన్న వయసు. వరసకి మరదలు. దిబ్బ మీద ఆవిడ నోటికి మగాళ్ళు పక్కకి తప్పుకుంటారు. నేను హరితహంసలో కూర్చుని వల అల్లే కండెకి నూలు చుడుతున్నాను.

"ఏటి బావా, పెల్లికొడుకులా కూకున్నావు. పడవ కట్టేసి గుడ్లు పెట్టిత్తన్నావా?"

"గాలి లేదంట," అన్నాను.

ఆవిడ కొంగు ఎగిరి నా మొహం మీద పడింది. తీసుకుని నావైపు చూసింది.

"ఇదేటిది మరి?"

"అనుభూతి."

"నీ అనుభూతి తగలెయ్య. కోడలు మూడో బిడ్డనెత్తుకుంది, మొదటి ఇద్దరూ నిలబడ్లేదు. ఇదీ పోతే ఎవుడికి సెప్పుకోను, ఆ గిన్నెలకా? ఏటైంది ఆటికి, నిజం సెప్పు."

చెప్పాను. వడ్లగింజంత మర అని చెప్పాను. తల ఉండాలని, తల మీద ముద్ర ఉండాలని చెప్పాను. ఎరకమ్మ చాలాసేపు పైకి చూసింది. తరవాత ముక్కు దగ్గర చెయ్యి పెట్టి లోపలి బిళ్ళ తిప్పడం మొదలెట్టింది. మా వైపు ఆడవాళ్ళవి మర ముక్కుపుడకలు. వేటకాలంలో చేప ఎగిరి కొట్టినా ఊడకుండా కంసాలి పుడక కాడకి మర కోస్తాడు. లోపలినించి బిళ్ళ బిగిస్తారు.

"ఇది సరిపోద్దేమో సూడు," అంది. "మా అమ్మ సేయించింది. నలభయ్యేల్ల నించి ఊడలేదు, ఆ గాలికి ఊడుద్దా."

"బంగారం కదే."

"తాగుతామా బంగారాన్ని? ఎక్కు."

నేను కొయ్య ఎక్కాను. దిష్టిదండ తెంపి పారేసి, గిన్నెలు సర్దాను. పుడక కాడ కన్నంలో మొదటి చుట్టుకి మొరాయించింది. బంగారం మెత్తన. రెండో చుట్టుకి దానంతట అదే దారి చేసుకుని బిగిసిపోయింది. పుడక తల చిన్నది కనుక గిన్నెల మధ్య ఖాళీలో ఇమిడి పచ్చగా మెరిసింది. దేనికీ తగల్లేదు.

"అంకెంత?" అని పైనించి అడిగాను.

ఎరకమ్మ పెట్టెలోకి వంగింది. "రెండు ఒకట్లు పక్కపక్కనున్నాయి," అంది.

ఫోన్ చేసి పదకొండు అని చెప్పాను. రెండుసార్లు మళ్ళీ చెప్పమన్నారు. సున్నా కాని అంకె విని ఆయనకి చాలా రోజులైంది. మర్నాడు ఆదిశేషు గారిని వెంటబెట్టుకుని వచ్చారు. పాపం ఆదిశేషు గారిని తాడు కట్టి కొయ్య మీదకి లాగాం. భూతద్దం పెట్టి చూసి పైనించే అరిచారు.

"తల ఉంది. ముద్ర కూడా ఉందండీ. కంసాలి గుర్తు."

"నాణ్యతా ముద్రగా పరిగణించవచ్చా?"

"ఏ ముద్ర అని నిబంధనలో లేదు సార్. ముద్ర అని మాత్రమే ఉంది."

ఆమోదించారు. పడవ కదిలింది. ఆ వారం దిబ్బకి రోజూ నీళ్ళు వెళ్ళాయి. ఎరకమ్మ ముక్కు కన్నం పూడిపోకుండా చీపురుపుల్ల ముక్క పెట్టుకుని రేవులో నిలబడేది. కోడలు కడుపునిండా మంచినీళ్ళు తాగింది. పిల్ల ఏడుపు గుడిసె బయటికి వినపడేంత గట్టిగా వచ్చింది. ఎరకమ్మ దాన్ని సంతోషంగా తిట్టింది.

తరవాత ఆడిట్ వాళ్ళు వచ్చారు. సామాను జాబితా చదువుతూ, కొయ్య కొసన ఉన్న మర ఏ లోహమని అడిగారు. సోమసుందరం గారు బంగారమని చెప్పారు. ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు.

"ప్రభుత్వ నౌక మీద బంగారాన్ని ఎండకీ వానకీ వదిలేశారా?" అన్నారు ఆడిట్ అధికారి.

"అది బిగింపు వస్తువు సార్."

"బంగారం ఏ పని చేసినా బంగారమే. బంగారం ఖజానాలో ఉండాలి. రాత్రింబవళ్ళు కాపలా ఉండాలి."

"మర ఒక్కటీ ఊడదీసి ఖజానాకి పంపుతాం సార్."

"ఊడదీస్తే పరికరం చెడుతుంది. ప్రభుత్వ పరికరాన్ని చెడగొట్టమని నేను రాయలేను."

అందరూ ఆలోచించారు. మర గిన్నెలకి అతుక్కుని ఉంది. గిన్నెలు ఇరుసుకి ఉన్నాయి. ఇరుసు కొయ్యలో ఉంది. తీగలు కొయ్య లోపలినించి పెట్టెకి వచ్చాయి. కనుక కొయ్యని, పెట్టెతో సహా, ఖజానాకి తరలించాలని నిర్ణయమైంది.

తరలించేరోజు ఎరకమ్మ వచ్చింది. పోలీసు జీపు వెనక కొయ్యని చాపి, ఎర్రగుడ్డ కట్టి, తాళ్ళు బిగిస్తున్నారు.

"బాబూ, నా ముక్కుపుడక నాకిచ్చెయ్యండి. పడవొద్దు, ఏటొద్దు."

సోమసుందరం గారు సౌమ్యంగానే మాట్లాడారు. "అమ్మా, అది మీది అనడానికి మీ దగ్గర ఆధారం ఏముంది?"

ఎరకమ్మ ముక్కులోంచి చీపురుపుల్ల తీసి కన్నం చూపించింది.

"ఇది ఆ వస్తువు లేకపోవడానికి ఆధారం," అన్నారాయన. "ఉండడానికి కాదు. దరఖాస్తు పెట్టుకోండి, పరిశీలిస్తాం."

"పరిశీలించండి బాబూ. ఈలోగా నా మనవరాలు ఏటి తాగుద్దో అది కూడా పరిశీలించండి."

నిజం చెప్పాలంటే ఆయన మొహం కొంచెం ముడుచుకుంది. ఆయనకీ పిల్లలున్నారు. కానీ జీపు స్టార్టయింది, ఆయన ఎక్కాలి, ఎక్కారు.

కొయ్య ఖజానా గదిలో నిలువుగా పట్టలేదు. పైకప్పుకి కన్నం కొడితే భద్రత పోతుందని ఓ మూలకి ఏటవాలుగా ఆనించారు. ఇద్దరు కానిస్టేబుళ్ళని కాపలా పెట్టారు. అంకె పైకి పంపే పని ఆగకూడదు కనుక, రోజూ పొద్దున్న పెట్టెలోకి చూసి ఫోన్ చేయమని వాళ్ళకి చెప్పారు. కిటికీ లేని గదిలో గిన్నెలు ఏం తిరుగుతాయి. సున్నాలు మళ్ళీ వెళ్ళడం మొదలయ్యాయి. మధ్యలో వారం రోజులు పదకొండ్లు పన్నెండ్లు ఎందుకు పడ్డాయో సంజాయిషీ అడుగుతూ పైనించి కాగితం వచ్చిందని బంట్రోతు చెప్పాడు.

ఇక నా సంగతి. కొయ్య లేని పడవని ఏమనాలో మండలికి తెలియలేదు. కొయ్య లేదు కనుక నౌక కాదు, నౌక కాదు కనుక సరంగు అవసరం లేదు. నన్ను తీసేద్దామంటే తీసేయడానికి వేరే కమిటీ కావాలి. చివరికి ఉత్తర్వు వచ్చింది. ఆదిశేషు గారు రేవుకొచ్చి చదివి వినిపించారు. హరితహంసని తేలియాడు వేదికగా మార్చడమైనది. సంగాడి నూకరాజుని వేదిక సంరక్షకుడిగా నియమించడమైనది. అంతే ఉంది.

"అంటే ఏం చెయ్యాలండి?" అన్నాను.

"సంరక్షించాలి."

"పొద్దున్న ఫోన్ చెయ్యాలా అండి?"

"దేనికి? వేదికకి గాలితో సంబంధం లేదు కదా."

దిబ్బ వైపు చూశాను.

"వేదిక కదలొచ్చా అండి?"

ఆదిశేషు గారు కాగితం ముందుకీ వెనక్కీ తిప్పి చూశారు. కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకుని మళ్ళీ చూశారు. నిబంధన దగ్గర ఆయన అన్యాయం మాట్లాడరు.

"నౌక కదలరాదని ఉంది. వేదిక కదలరాదని లేదు. వేదిక కదలదు కనుక ఎవరూ రాయలేదు." అని నావైపు కాసేపు చూసి, కాగితం మడిచి నా చేతిలో పెట్టి, "నేను చదివి వినిపించానంతే," అని వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్నే మా పెరట్లో వెదురు బొంగు ఒకటి నరికాను. వేదిక నడుమ పాతి తాళ్ళతో నాలుగు పక్కలా లాగి కట్టాను. డ్రమ్ములన్నీ నింపాను. పైరగాలి వీస్తోంది. పడవలో మిగిలిన తెరచాప ఎత్తి, వేదికని దిబ్బకి సంరక్షించుకుంటూ వెళ్ళాను.